జేబుల పళ్ళెం

“నోటుబుక్కు కూడా అక్కడే వదిలేసి వచ్చావా నాన్నా?”

మా గువ్వ ఈ మాట అడగడం పొద్దుటినుంచి ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ మా ఆయన పేపరు వెనక దాక్కున్నారు. ఇప్పుడా పేపరు నా కటింగు బల్లమీద పరిచి ఉంది, దానిమీద చొక్కా చేతులు గీస్తున్నాను. ఇక దాక్కోవడానికి ఆయనకి ఏమీ మిగల్లేదు.

“వదిలెయ్యలేదమ్మా. వాళ్ళే తీసుకున్నారు.”

“ఎవరు?”

“ఆ సెక్యూరిటీ అతను. మంచివాడే, పాపం. అతనికీ పన్నెండు గంటల డ్యూటీ. మధ్యలో బదులు నిలబడ్డానికి రిలీవరు లేడు. ఆ మాటే చెప్పాను.”

“చెప్పి ఊరుకున్నావా, అతనికీ చార్టు వేసిచ్చావా?”

ఆయన నా టేపు చుట్టడం మొదలుపెట్టారు. అంటే వేసిచ్చారన్నమాట.

నిన్నటి సంగతి మళ్ళీ తలుచుకుంటే నాకు బీపీ పెరుగుతుంది, తలుచుకోకపోతే తోచదు. మా ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీ చార్టులు వేసి రిటైరయ్యారు. డిపోలో ఆయన్ని ‘చార్టుగారు’ అనేవారు. ఆ పేరు వీధిలోకీ వచ్చేసింది. ఆ మనిషి నిన్న పొద్దున్న ఇంట్లో ఒక్కరికి కూడా చెప్పకుండా పెద్దాసుపత్రికి వెళ్ళి, పిల్లల వార్డు వరండాలో నిలబడి, డాక్టర్ల డ్యూటీ చార్టును నోటుబుక్కులో ఎక్కించుకుంటూ పట్టుబడ్డారు. ఏం రాస్తున్నారని అడిగితే ఏ మామూలు మనిషైనా తప్పైపోయిందండీ అంటాడు. ఈయన “మీ చార్టు తప్పు” అన్నారట.

గంటసేపు సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టారు. ఆ గంటలో ఈయన అదే నోటుబుక్కులో వాళ్ళ చార్టును సరిచేసి వేశారట. మీవాళ్ళెవరూ అంటే గర్వంగా కూతురి పేరు చెప్పారు. గువ్వ వెళ్ళి విడిపించుకొచ్చింది. ఏ ఆసుపత్రిలో మూడేళ్ళ పీజీ చెయ్యాలని మేము ఏడాదిగా కలలు కంటున్నామో, సరిగ్గా ఆ ఆసుపత్రి నుంచి!

“హెడ్డు మేడమ్‌కి నా పేరు రాసి పంపారు నాన్నా. రేపు నేనక్కడ చేరితే, చార్టు కాపీ కొట్టినాయన కూతురు ఇదేనా అంటారు.”

“చేరితే కదా,” అన్నారు ఆయన నెమ్మదిగా.

నాకు ఒళ్ళు మండింది. “చేరకపోతే అవి ఎవరికి తొడగమంటారు?”

అవి అంటే ఆరు తెల్లకోట్లు. ముందుగదిలో, మిషను వెనక గోడకి వరసగా వేలాడుతున్నాయి. ఎడమవైపు గుండెమీద పెద్దాసుపత్రి గుర్తు, ఆకుపచ్చ దారంతో. ఆ గుర్తు నేనే కుట్టాను, ఒక్కోదానికి ఒక పూట పట్టింది. సీటు రాకముందే కోట్లు కుట్టేసిన తల్లి లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఏం చెయ్యను? కొలత తెలిసిన ఒళ్ళు, ఖాళీగా ఉన్న చెయ్యి. ఆగలేకపోయాను.

గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్న మా అత్తగారు నిట్టూర్చారు. “ఇంతా చదివి పిల్లల డాక్టరట. నా మోకాళ్ళు చూడదట.”

“చూస్తాను నానమ్మా.”

“ఎప్పుడు? ఆ ఆసుపత్రిలో పడితే నీ మొహమే మాకు కనపడదని మీ నాన్న అంటున్నాడు.”

టైము పదకొండున్నర. సాయంత్రం అయిదింటికల్లా గువ్వ కంప్యూటరులో తన లిస్టు లాక్ చెయ్యాలి. ఏ ఆసుపత్రి మొదటి వరుసలో, ఏది రెండో వరుసలో. ఒక్కసారి లాక్ చేశాక దేవుడు దిగొచ్చినా మారదు. ఆ వరసలో ర్యాంకుకి ఏది వస్తే మూడేళ్ళు అక్కడే.

ఉన్నవి రెండే. ఒకటి పెద్దాసుపత్రి. రెండోది కాలవగట్టు ఆసుపత్రి. ఆ రెండోదాని పేరు చెబితే ఎవరైనా “అదెక్కడా?” అంటారు. నా బాధంతా అదే.

“పేరండీ, పేరు!” అన్నాను. “జీవితాంతం బోర్డుమీద ఉండేది. కాలవగట్టు అని రాసుకుంటే దోమల మందు కొట్టేవాళ్ళనుకుంటారు.”

“బోర్డు తర్వాత సంగతి. ఈ మూడేళ్ళూ ఎలా గడుస్తాయో చూడొద్దూ?” ఆయన నా సుద్దముక్క తీసుకుని బల్లమీదే గళ్ళు గీయడం మొదలుపెట్టారు. “మా డిపోలో చార్టులు రెండుండేవి. ఒకటి సిరాతో రాసి గోడకి తగిలించేది, పై ఆఫీసర్లు చూడ్డానికి. రెండోది పెన్సిలుతో రాసి నా సొరుగులో ఉండేది. ఎవడు నిజంగా బండెక్కాడో అందులో ఉండేది. పెద్దాసుపత్రిలో సిరా చార్టు బ్రహ్మాండంగా ఉంది, అయిదు రోజులకో నైటు. దాని కిందే పెన్సిలు కాగితం గుచ్చి ఉంది. అందులో ఒకే అమ్మాయి వరసగా రెండు నైట్లు. ఆ మర్నాడు పొద్దున్న మళ్ళీ ఓపీలో అదే అమ్మాయి.”

“ఎవరో సెలవు పెట్టి ఉంటారు.”

“మూడు వారాలది చూశాను. మూడింట్లోనూ అంతే. నైటు చేసిన డ్రైవరుకి పొద్దున్న బస్సు ఇస్తే నా ఉద్యోగం ఊడేది. బస్సులో ఉండేది నలభై మంది. ఆ వార్డులో ఎంతమంది పిల్లలున్నారో తెలుసా నీకు?”

“తెలుసు నాన్నా,” అంది గువ్వ. “నాకు తెలుసు. నేనూ కళ్ళు మూసుకుని తిరగలేదు.”

అప్పుడు దాని గొంతులో కోపం లేదు. వచ్చి బల్లకి ఆనుకుంది.

“రెండుచోట్లా రెండేసి రోజులు ఉండొచ్చాను కదా. పీజీలని పక్కకి పిలిచి అడిగాను. రాత్రి బాబు ఊపిరి ఆగిపోతోందని పెద్ద డాక్టరుకి ఫోన్ చేస్తే ఎత్తుతారా? ఎన్నో రింగుకి? ఒళ్ళు బాగోకపోతే ఏం చేస్తారు? తప్పు చేస్తే ఎవరికి చెప్పుకుంటారు? కాలవగట్టులో ఆ చివరిది అడిగితే, పక్కనున్నవాళ్ళకి చెప్తాం అన్నారు, అదేం ప్రశ్న అన్నట్టు. పెద్దాసుపత్రిలో నవ్వారు.”

“ఇంకేం మరి?” అన్నారు ఆయన.

“ఇంకేం అంటే, పెద్దాసుపత్రిలో ఒక్క నెలలో చూసే జబ్బులు కాలవగట్టులో ఏడాదికి కూడా రావు నాన్నా. అక్కడివాళ్ళ చేతులు చూశాను. చీమంత నరంలోకి సూది ఒక్క దెబ్బకి దింపుతారు. నాకు ఆ చేతులు కావాలి. నువ్వు చార్టు చూసి చెప్తావు, అమ్మ బోర్డు చూసి చెప్తుంది. లాక్ చెయ్యాల్సింది నేను. నాకు భయమేస్తోంది.”

నేను మిషను తొక్కడం మొదలుపెట్టాను. నాకు భయమేసినప్పుడు చేసే పని అదే.

*

ఒకటిన్నరకి, మేము పొడుగమ్మాయి అని పిలిచే పిల్ల వచ్చింది.

ఆ పిల్ల గువ్వకి కాలేజీలో రెండేళ్ళు సీనియరు. పెద్దాసుపత్రిలోనే పిల్లల వైద్యం పీజీ రెండో ఏడు చేస్తోంది. జేబు చిరిగిందని గువ్వ చేత పోయిన వారం కోటు పంపింది, తీసుకుందామని వచ్చింది. ఆ పిల్ల గడపలో అడుగు పెట్టగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా తరఫున ఒక సాక్షి దొరికింది అనుకున్నాను.

“రా అమ్మా, రా. నువ్వే చెప్పు మావాళ్ళకి. మీ ఆసుపత్రి ఎలా ఉంటుందో.”

“చాలా బావుంటుంది ఆంటీ!” అంది. అబద్ధం కాదు, కళ్ళు మెరిశాయి. “మొదట్లో చేతులు వణికేవి. ఇప్పుడు ఒక్కసారి కూడా వణకవు. మొన్న ఏడొందల గ్రాముల పాప. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. నిన్న తల్లి పాలు తాగింది.”

నేను మా ఆయనకేసి చూశాను. ఆయన కిటికీకేసి చూస్తున్నారు.

“ఇంకా భోంచేసి ఉండవు,” అన్నాను.

“నిన్న మధ్యాహ్నం తిన్నాను ఆంటీ,” అంది మామూలుగా, రైలు టైము చెప్పినట్టు.

పరుగెత్తి పళ్ళెంలో అన్నం, కూర పెట్టుకొచ్చి కుర్చీ జరిపాను. ఆ పిల్ల పళ్ళెం చేతిలోకి తీసుకుంది. వంటగది గట్టుకి నడుం ఆనించి, నిలబడే తినడం మొదలుపెట్టింది.

“కూర్చోమ్మా.”

“పర్లేదు ఆంటీ.”

“కుర్చీ ఉందిగా.”

“అలవాటైపోయింది ఆంటీ. కూర్చుంటే ముద్ద దిగదు. ఎవరో పిలుస్తున్నట్టుంటుంది.”

నాలుగు నిమిషాలు. గోడ గడియారం ఎదురుగా ఉంది కాబట్టి చెప్పగలుగుతున్నాను. నాలుగు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ చేసి, కడిగి, బోర్లించింది. మా అత్తగారు ముక్కుమీద వేలేసుకున్నారు.

ఇక కోటు సంగతి. నా దగ్గరికి ఏ బట్ట కుట్టుకి వచ్చినా ముందు జేబులు ఖాళీ చేసి, ఉన్నవన్నీ ఒక స్టీలు పళ్ళెంలో వేసి, దానిమీద పేరు రాసి మూతపెడతాను. తీసుకెళ్ళేటప్పుడు వాళ్ళ కళ్ళముందే మూత తీసి అప్పగిస్తాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి. వాటిలో ఏముందో చూడను. చేతికి తగిలింది వేస్తాను, అంతే. ఒకరి జేబు ఇంకొకరు చదవకూడదు.

ఈ రోజు మాత్రం చదవాల్సొచ్చింది. మూత తీయగానే మా కళ్ళముందు ఉన్నవి ఇవి: నలిగి పొడైపోయిన బిస్కెట్ల పొట్లం, పళ్ళు తోముకునే బ్రష్షు, ఒంటి మేజోడు, మూడు పెన్నులు, పసిపిల్లల బరువులు రాసిన చీటీ, నాలుగు మడతల కాగితం.

పొడుగమ్మాయి ఆ కాగితం విప్పి ఫక్కున నవ్వింది. “అయ్యో, ఇది ఇక్కడుందా! సెలవుచీటీ. మా అన్నయ్య పెళ్ళికి రాసుకున్నాను.”

“ఎప్పుడు పెళ్ళి?”

“అయిపోయింది ఆంటీ. నాలుగు నెలలైంది.”

“వెళ్ళలేదా?” అంది గువ్వ.

“ఇది ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా వార్డులో ఏదో ఒకటి. నేను వెళ్తే నా నైట్లు ఇంకొకళ్ళు చెయ్యాలి, వాళ్ళకి అప్పటికే రెండున్నాయి. ఏ మొహంతో అడగను? ఫోటోలు చూశాన్లే. మా వదిన బావుంది.”

నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెన్నులూ బ్రష్షూ మళ్ళీ జేబులో సర్దుకుని, కోటు భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

“అంకుల్, నిన్న వరండాలో చార్టు రాసుకున్నది మీరేనటగా! మా పీజీలందరూ ఆ నోటుబుక్కు ఫోటోలు పంచుకుంటున్నారు. మీరు వేసిన చార్టులో నాకు ఆదివారం సెలవొచ్చింది. ఆ కాగితంమీద చూసుకున్నా చాలా సంతోషమేసింది.”

ఆ పిల్ల వెళ్ళాక మా ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

*

నేనేమో ఇంకో కోటు కోసం లేచాను. కాలవగట్టులో ఉన్న రెండు రోజులూ గువ్వ అక్కడి పీజీ ఒకామె కోటు అడిగి వేసుకుంది. దాన్ని ఉతికి ఇస్త్రీ చేసి తిరిగివ్వాలి. నిన్న ఉతికే ముందు దాని జేబులు కూడా పళ్ళెంలో వేసి మూతపెట్టాను.

తప్పని తెలుసు. మూత తీశాను.

ఒక దువ్వెన. లైబ్రరీ పుస్తకం చీటీ, గడువు ఇంకా దాటలేదు. సగం నింపిన గళ్ళనుడికట్టు. ఇంకో చీటీలో, గుండ్రటి అక్షరాలతో: సబ్బులు, దారపుండ, పాపకి పెన్సిళ్ళు, ఉల్లిపాయలు.

ఉల్లిపాయలు! నేను ఆ చీటీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఉల్లిపాయలు కొనాలని జేబులో రాసుకున్న డాక్టరమ్మ బజారు తెరిచి ఉండగానే ఆసుపత్రి నుంచి బయటపడుతోందన్నమాట. ఇంటికెళ్ళి పాపకి పెన్సిలు చెక్కిస్తోందన్నమాట. నేను గుండెమీద గుర్తు గురించి ఆరు పూటలు సూదితో కుస్తీ పట్టాను గానీ, ఆ గుర్తు కింద జేబులో ఏముంటుందో ఒక్కసారైనా ఆలోచించానా?

“అమ్మా, నువ్వు వేరేవాళ్ళ జేబు చదువుతున్నావు,” అంది గువ్వ వెనకనుంచి.

దొంగలా మూత వేశాను. “నువ్వు అక్కడ ఎన్నింటికి తిన్నావు, ఆ రెండు రోజులూ?”

“ఒంటిగంటకి ఒక జట్టు, ఒకటిన్నరకి ఇంకో జట్టు. చిన్న గది ఉంది. బల్ల, ఆరు కుర్చీలు. ఒక జట్టు తింటుంటే ఇంకో జట్టు వార్డు చూస్తుంది. పక్కగదిలో రెండు మంచాలు, దుప్పట్లు రోజూ మారుస్తారు. తలుపుకి లోపల గడియ కూడా ఉంది.”

“మరి ఆ పెద్ద జబ్బులు?”

“మూడో ఏట రెండు నెలలు పెద్దాసుపత్రికి పంపుతారట, చూసి నేర్చుకోవడానికి. ఇప్పుడు మూడో ఏడు చేస్తున్నవాళ్ళని అడిగాను, నలుగురూ వెళ్ళొచ్చారు.” తండ్రికేసి తిరిగి చిన్నగా నవ్వింది. “సిరాలోనూ ఉంది, పెన్సిల్లోనూ ఉంది నాన్నా.”

“రెండు నెలలు సరిపోతాయా?” అన్నారు ఆయన. పెద్దాసుపత్రి తరఫున ఆయన మాట్లాడటం అదే మొదటిసారి.

“సరిపోవు. అందుకే కదా ఇంకా లాక్ చెయ్యంది.”

*

నాలుగు ముప్ఫై అయిదుకి ఫోన్ మోగింది. గువ్వ ఎత్తి, మొహం పాలిపోయి, స్పీకరు నొక్కి బల్లమీద పెట్టింది. పెద్దాసుపత్రి పిల్లల విభాగం హెడ్డు మేడమ్!

“చార్టు రాసినాయన ఇల్లేనా?” అంది ఫోన్లో గొంతు. వార్డంతా వినపడేలా మాట్లాడటం అలవాటైన గొంతు.

మా ఆయన లేచి నిలబడ్డారు. “అవునండి. నేనేనండి. తప్పైపోయిందండి.” నిన్న చెప్పాల్సిన మాట ఇవాళ చెప్పారు.

“తప్పు సంగతి తర్వాత. మీ నోటుబుక్కు నా ముందుంది. ఉన్న మనుషులతోనే నైటు చేసినవాళ్ళకి మర్నాడు సెలవిచ్చారు. వారానికొక రోజు అందరికీ వచ్చింది. నేను మూడుసార్లు లెక్కచూశాను, కుదురుతోంది. ఒక్క మంగళవారం రాత్రి తప్ప. మంగళవారం ఒక మనిషి తగ్గుతోంది. అక్కడ గడిలో ‘హె’ అని రాశారు. ఎవరది?”

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. “మీరేనండి.”

“నేనా?”

“‘హె’ అంటే హెడ్డండి. డిపోలో మనుషులు తగ్గినప్పుడు మా మేనేజరుగారు కూడా బండెక్కేవారండి. అలవాటుమీద రాసేశాను.”

అయిపోయింది, నా కూతురి సీటు గాలికి పోయింది అనుకున్నాను.

“నేను నైటు చేసి పందొమ్మిదేళ్ళయింది,” అంది మేడమ్. గొంతు తగ్గింది. “సోమవారం పదింటికి రాగలరా? సెక్యూరిటీకి చెబుతాను. అతను కూడా మీరెప్పుడొస్తారని అడుగుతున్నాడు.”

“వస్తానండి! తప్పకుండా వస్తానండి!”

“మీ అమ్మాయి మా దగ్గరికి వస్తోందా?”

గువ్వ ఫోను దగ్గరకు వంగింది. దాని వేళ్ళు బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి.

“మేడమ్, ఒక్కటి అడగొచ్చా?”

“అడుగు.”

“మీ పీజీలు మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తింటారు?”

ఫోన్లో దూరంగా ఎక్కడో పసిపిల్ల ఏడుపు వినిపించింది. చక్రాల బండి వెళ్ళిన చప్పుడు వినిపించింది.

“కూర్చోరు,” అంది మేడమ్. “నేను కూడా కూర్చోను. ఇక్కడికి వచ్చిన రోజునుంచీ నిలబడే తింటున్నాను. నువ్వు అడిగేదాకా అదొక సంగతని తోచలేదు.”

“మారుతుందా మేడమ్?”

“మీ నాన్నగారి చార్టు పెట్టి చూస్తాను. కానీ ఎప్పటికి మారుతుందో మాటివ్వలేను. నీ లిస్టు ఎన్నింటికి?”

“అయిదింటికి.”

“అయితే నా మాట కోసం ఆగకు. ఉన్నదాన్ని చూసి రాసుకో.”

ఫోను పెట్టేసింది. అంత నిక్కచ్చి మనిషిని తిట్టుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు.

అయిదుకి పన్నెండు నిమిషాలు. గువ్వ కంప్యూటరు ముందు కూర్చుంది. మేము ముగ్గురం దాని వెనక నిలబడ్డాం. మా అత్తగారు మోకాళ్ళ సంగతి మర్చిపోయి లేచొచ్చారు.

“అమ్మా, నువ్వు చెప్పు,” అంది స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండానే.

“నేనేం చెప్పను? నీ చదువు.”

“ఆరు కోట్లు కుట్టావు. చెప్పు.”

ఆ గోడకేసి చూడకూడదనుకుంటూనే చూశాను. ఆరు ఆకుపచ్చ గుర్తులు, ఒక్క కుట్టు కూడా వంకర లేదు. ఇంత బాగా నేనెప్పుడూ కుట్టలేదు. వీధిలో అందరికీ చెప్పుకున్నాను. పొద్దున్నే పాలు పోసే ఆమెకి కూడా చెప్పాను.

“నువ్వు కూర్చుని తినాలి,” అన్నాను. “నాకింకేం తెలీదు. నువ్వు తిన్నావా లేదా అని నేను రోజూ ఆలోచించకూడదు. బోర్డుమీద దోమల మందని రాసి ఉన్నా సరే.”

గువ్వ వెనక్కి తిరిగి నన్ను చూసింది. చిన్నప్పుడు మార్కుల కాగితం చూపించి నా మొహంలోకి చూసినట్టే చూసింది. తర్వాత స్క్రీను వైపు తిరిగి, పైవరుసలో ఉన్న పెద్దాసుపత్రిని కిందికి లాగింది. కాలవగట్టు పైకొచ్చింది. ఒక్క క్షణం ఆగింది. లాక్ నొక్కింది.

మా అత్తగారే ముందు తేరుకున్నారు. “అయితే మొత్తానికి ఈ ఇంట్లో పెద్దాసుపత్రి సీటు మావాడికొచ్చింది!”

అందరం ఒక్కసారి నవ్వాం. గువ్వ బల్లమీద తల పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆయన సిగ్గుపడి, సోమవారానికి మంచి పెన్సిలు ఒకటి కావాలన్నారు. నా మనసులో ఇంత హాయి ఎన్నాళ్ళైందో. ఓడిపోయిన మనిషికి ఇంత హాయిగా ఉండటం ఏమిటో నాకర్థం కాలేదు.

సూది తీసుకుని మొదటి కోటుమీది ఆకుపచ్చ గుర్తు విప్పడం మొదలుపెట్టాను. గట్టి కుట్టు, తొందరగా రాలేదు. గువ్వ పక్కకి వచ్చి, ఊడిన దారపు ముక్కలు ఏరి అరచేతిలో పెట్టుకుంది.

“ఈ కోట్లకి ఇంకా జేబులు కుట్టలేదు,” అన్నాను. “పొడుగమ్మాయి కోటులా లోతుగా పెట్టనా? బ్రష్షూ, బిస్కెట్లూ పట్టేలా?”

“వద్దమ్మా. పెన్ను పట్టేంత చాలు.” దారాలమీద గుప్పిట మూసి అంది, “ఉల్లిపాయల చీటీ కూడా పట్టాలి.”

సుద్దముక్కతో చిన్న జేబు గీశాను. గువ్వ అడిగినంతే.

కత్తెర మాత్రం పట్టలేదు. లిస్టులో రెండో వరుస కూడా ఉంది. కాలవగట్టులో ఉన్నవి నాలుగే సీట్లు. ఏ వరుస మాదో రేపు పదింటికి సీట్లు ప్రకటిస్తే గానీ తెలీదు. ఆరు జేబులకీ సరిపడా గుడ్డ మడతపెట్టి, దానిమీద కత్తెర పెట్టి, లోతుగా కత్తిరించాలో చిన్నగా కత్తిరించాలో తెలియక అలాగే కూర్చున్నాను.